నందిగామ వాయిదా

జగ్గయ్యపేట బస్టాండులో ఎవరైనా "ఎక్కడికండీ బయల్దేరారు?" అని అడిగితే "వాయిదాకి" అనేవాణ్ణి. ఆ మాటతో వాళ్ళ ప్రశ్నలు అయిపోయేవి. మా ఇంటి మగవాళ్ళు నందిగామ కోర్టు వాయిదాలకు వెళ్ళడం ఈ ఊరికి కొత్త కాదు. తాతగారు గూడుబండిలో వెళ్ళారు. నాన్నగారు కారులో వెళ్ళారు. నేను బస్సులో వెళ్ళాను. మా ఇంటి చరిత్ర చెప్పమంటే అంతకన్నా పెద్దగా చెప్పడానికేమీ లేదు.

అసలు కేసు ఎప్పుడో ముగిసింది. పెదనాన్నగారి వాళ్ళకీ మాకూ పొలాల పంపకం దగ్గర మొదలైన తగాదా కింది కోర్టూ పై కోర్టూ తిరిగి, పంచుకోవడానికి పెద్దగా ఏమీ మిగలని రోజున ఆగింది. ఆ తర్వాత కూడా పెదనాన్నగారి అబ్బాయీ నేనూ మాట్లాడుకోలేదు. వరసకు అన్నయ్య. ఉండేది ఒకే ఊళ్ళో. మెయిన్ రోడ్డు మీద ఎదురైతే అన్నయ్య కిళ్ళీకొట్టు వైపు చూసేవాడు, నేను కరెంటు తీగల వైపు చూసేవాణ్ణి. మా నాన్నగారు పోయినప్పుడు వచ్చి అరుగు కిందే నిలబడి వెళ్ళిపోయాడు. ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టనని వాళ్ళ నాన్నకు మాట ఇచ్చాడట.

ఈ మధ్య నేను నందిగామ వెళ్తున్నది కోర్టుకు కాదు, మానసిక వైద్యురాలి దగ్గరికి. ఆ సంగతి ఊళ్ళో నా భార్యకు ఒక్కదానికే తెలుసు.

నా భార్యకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పూర్తిగా పోయి, తర్వాత కొద్దికొద్దిగా వచ్చింది. తిరిగి వచ్చిన మాటల్లో మర్యాదలు రాలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి నన్ను "ఏమండీ" తప్ప ఇంకోలా పిలవని మనిషి, ఆస్పత్రి మంచం మీద కళ్ళు తెరిచి నన్ను చూసి "నువ్వు" అంది. మా అమ్మ వింటే ఏమనేదో అనిపించింది ముందు. తర్వాత అలవాటు పడ్డాను. ఆవిడ మూలంగా నాకు వచ్చిన కొత్తవాటిలో నచ్చింది అదొక్కటే.

మాకు పిల్లలు లేరు. పనిమనిషి పొద్దున్నే వచ్చి గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి వెళ్ళిపోతుంది. మిగతాదంతా నేనే. ఒళ్ళు తుడవడం, దుప్పట్లు మార్చడం, జావ తాగించడం, చేతికీ కాలికీ కసరత్తు చేయించడం, వీపు పుండు పడకుండా ఎప్పటికప్పుడు పక్కకి తిప్పడం. ఎవరినైనా మనిషిని పెట్టుకోమని ఇరుగుపొరుగు అన్నారు. మా ఇంట్లో రోగిని పరాయి చేతుల్లో పెట్టే అలవాటు లేదన్నాను. మా నాయనమ్మ ఏళ్ళ తరబడి మంచంలో ఉంటే అన్నీ మా అమ్మే చేసింది. నాయనమ్మకి ఎలా ఉందని ఊరంతా వచ్చి అడిగేవారు. అమ్మకి ఎలా ఉందని ఒకళ్ళూ అడగలేదు. నేనూ అడగలేదు. అడగవలసిన సంగతని మాకెవరికీ తోచలేదు.

దిగులంటే ఏడుస్తూ మూల కూర్చోవడమని అనుకునేవాణ్ణి. నాకు కూర్చోవడమే రాకుండా పోయింది. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపించేది. లేచి పెరట్లోకి వెళ్తే ఎందుకు వచ్చానో గుర్తుండేది కాదు. కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగేవాణ్ణి. గ్యాసు కట్టేశానో లేదోనని వంటింట్లోకి వెళ్ళి చూసి, హాల్లోకి వచ్చి, మళ్ళీ వెళ్ళి చూసేవాణ్ణి. పేపరు చేతిలోకి తీసుకుంటే హెడ్డింగు దాటి కళ్ళు కిందికి దిగేవి కావు. అన్నం సున్నం నమిలినట్టుండేది. తెల్లవారకముందే మెలకువ వచ్చేసి, ఈ రోజంతా ఎలా గడవాలి అనే బెంగ గుండెల మీద కూర్చునేది. ఇంత జరుగుతున్నా రోజూ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకునే పాల ప్యాకెట్టు కోసం వీధిలోకి వెళ్ళేవాణ్ణి. ఒకరోజు ఆవిడ జావ మింగడం ఆలస్యం చేస్తోందని స్పూను తీసి గోడకేసి కొట్టాను. ఆవిడ గోడ మీద మరకను చూసింది. నన్ను చూసింది. మాట కోసం తడుముకుని తడుముకుని, "నీకు... డాక్టరు" అంది.

నాకేం రోగమని విసుక్కున్నాను.

ఆ తర్వాత ఆవిడ చక్రాల కుర్చీకి టైరు వేయించాలని చిల్లకల్లు దాకా వెళ్ళాను. కుర్చీని పంక్చరు షాపులో ఇచ్చి, అవతలి పక్క టీ తాగుదామని హైవే అంచున నిలబడ్డాను. లారీలు వస్తున్నాయి. సందు దొరికింది, దాటలేదు. మళ్ళీ దొరికింది, దాటలేదు. లారీల ముందు చక్రాల వైపే చూస్తున్నాను. అవి దగ్గరికి వస్తుంటే ఒంట్లో ఏదో తేలికవుతున్నట్టుంది. పంక్చరు షాపతను వెనకనుంచి వచ్చి నా జబ్బ పట్టుకుని లాగాడు. "పెద్దాయనా, ఇటు రండి, ఆ కొసాకి నిలబడ్డారేంటి?" అన్నాడు. ఇంకేమీ జరగలేదు. కుర్చీ తీసుకుని ఇంటికొచ్చాను.

ఆవిడకి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, ఇంట్లో ఇంకెవరూ లేరు గనక చెప్పి ఉంటాను. ఆవిడ ఎడమ చేత్తో నా చొక్కా గుంజి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వదిలేటప్పుడు "వెళ్ళు" అంది.

జగ్గయ్యపేటలో ఏ డాక్టరు మెట్లెక్కినా సాయంత్రానికి ఊరికి తెలుస్తుంది. అందుకని నందిగామ. పనిమనిషి నేను తిరిగొచ్చేదాకా ఉండదు. ఆవిడకి టిఫిను పెట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఎడమ చేతికి అందేలా ఫోనూ నీళ్ళ సీసా ఉంచి, మంచం పక్కనున్న వీధి వైపు కిటికీ తెరిచి, బయట తాళం వేసి బస్సెక్కాను.

బస్టాండు టీకొట్టు దగ్గర మొదటిసారి నన్ను అడిగారు, ఎక్కడికని. "వాయిదాకి" అనే మాట దానంతటదే నోట్లోంచి వచ్చేసింది.

క్లినిక్కు ఒక మందుల షాపు పై అంతస్తులో ఉంది. డాక్టరమ్మ విజయవాడ నుంచి వారంలో కొన్ని రోజులు వస్తుంది. చిన్న వయసు. "ఎవరికి బాగోలేదండీ?" అని అడిగింది.

"నా భార్యకి" అన్నాను. పక్షవాతం వచ్చిన నాటి నుంచీ ఇప్పుడు వాడుతున్న మందుల దాకా వరసగా చెప్పుకొచ్చాను. ఆమె అడ్డు రాకుండా అంతా విన్నది.

"ఆవిడ సంగతి బాగా చెప్పారు. ఇప్పుడు మీ సంగతి చెప్పండి."

"నాదేముందండీ. నిద్ర సరిగా లేదు, అంతే."

"మరి ఆ కాలు?"

చూసుకున్నాను. కాలు ఊగుతోంది. చిన్నప్పుడు కాలు ఊపితే మా నాయనమ్మ తొడ మీద చరిచేది, ఇంటికి దరిద్రం పడుతుందని. ఆ దరిద్రం రావలసినంతా వచ్చేసింది గనక ఇప్పుడు ఊపితే పోయేదేమీ లేదన్నాను. ఆమె చిన్నగా నవ్వింది. నవ్వుతూనే, "చచ్చిపోతే బాగుండని ఎప్పుడైనా అనిపించిందా?" అని అడిగింది.

అంత సూటిగా అడుగుతుందనుకోలేదు. కోర్టు బోనులో మా వాళ్ళు చెప్పినట్టు "జ్ఞాపకం లేదు" అందామనుకున్నాను. లారీల సంగతి చెప్పాను. ఆమె ఉలిక్కిపడలేదు. మళ్ళీ వచ్చిందా ఆ ఆలోచన, ఎప్పుడెప్పుడు వస్తుంది, వచ్చినప్పుడు ఏం చేస్తున్నారు అని అడిగింది. "ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఏమైనా ఉన్నాయా?" అంది.

"పొలమే లేదండీ. పురుగుమందు ఎందుకుంటుంది?"

ఈసారి ఆమె నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

"ఇది జబ్బే సర్. మంచం పట్టినవాళ్ళని చూసుకునేవాళ్ళకి చాలామందికి వస్తుంది. నయమవుతుంది. ఎలా చెయ్యాలో మనిద్దరం కలిసి ఒక పద్ధతి అనుకుందాం" అంది. "మీరు ఎందుకోసం బాగవ్వాలనుకుంటున్నారు? అది ముందు చెప్పండి."

అలాంటి ప్రశ్న ఏ డాక్టరూ వెయ్యడం నేను వినలేదు. కాసేపు గోడ మీద క్యాలెండరు చూశాను. "ఆవిడ మా ఇంట్లోనే ఉండాలండీ. విజయవాడలో ఏదో హోములో చేర్చే గతి పట్టకూడదు."

"సరే, దాని చుట్టూనే అనుకుందాం."

రక్తపరీక్షలు రాసింది, థైరాయిడ్ లాంటిదేమైనా ఉందేమో చూడాలని. ఒక మాత్ర తక్కువ మోతాదులో మొదలుపెడతానంది. అది పనిచెయ్యడానికి వారాలు పడుతుందని, మొదట్లో కంగారు కాస్త ఎక్కువ కావచ్చని, ఎక్కువైతే ఫోను చెయ్యమని, బాగుందనో బాగాలేదనో నా అంతట నేను ఆపొద్దని చెప్పింది. లారీల ఆలోచన మళ్ళీ వస్తే వేళ చూసుకోకుండా ఫోను చెయ్యాలి. పక్క గదిలో రోగులతో మాట్లాడే కౌన్సిలరు ఉంది, ఆమె దగ్గర వారానికోసారి కూర్చోవాలి. ఇంతవరకూ తల ఊపాను.

"ఇక మూడోది. వారంలో రెండు మధ్యాహ్నాలు మీరు ఆవిడ దగ్గర ఉండకూడదు."

"మరెవరుంటారు?"

"నేనూ అదే అడుగుతున్నా. ఇప్పుడు ఎవరున్నారు?"

"తాళం వేసి వచ్చా."

ఆమె పెన్ను కింద పెట్టింది. నాకు మా ఇంటి తాళం కళ్ళ ముందు కనపడింది, ఇత్తడిది, నాన్నగారు కొన్నది. మొదటిసారి అది నాకు బాగా అనిపించలేదు.

"మొదటి రెండూ చేస్తానండీ. మూడోది వదిలెయ్యండి" అన్నాను.

"కూరగాయల బేరం కాదు కదా సర్ ఇది. మాత్రతో నిద్రా ఆకలీ కొంత దారికొస్తాయి. మీరు ఒక్కరే, ఊపిరాడకుండా అదే పని చేస్తుంటే ఆ మాత్ర ఎంతకని లాగుతుంది? మీరు పడిపోతే ఆవిడ ఏ హోముకి వెళ్తుందో మీరే చెప్పారు. రెండో మనిషి ఉండాలి. జీతానికి వచ్చే మనిషైనా, చుట్టమైనా సరే. ఆ మనిషికి మీ సంగతి తెలియాలి. మీరే నోరు తెరిచి అడగాలి."

"మా ఇంట్లో అడిగే అలవాటు లేదండీ."

"ఇచ్చే అలవాటు ఉందా?"

"ఉండేది."

"అయితే అడిగేవాళ్ళని చూసే ఉంటారు" అని చీటీ చేతికిచ్చింది.

మాత్ర వేసుకున్న మొదటి రోజుల్లో ఆమె చెప్పినట్టే కంగారు పెరిగింది. వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతుంటే ఆవిడ మంచం మీద నుంచి "కూర్చో" అనేది. కూర్చునేవాణ్ణి. లేచేవాణ్ణి. "కూర్చో" అనేది. జీతానికి మనిషి కోసం పనిమనిషిని వాకబు చెయ్యమన్నాను. మిరప కోతల రోజులు. ఊళ్ళో చెయ్యి ఆడే ఆడవాళ్ళంతా పొద్దున్నే ఆటోలెక్కి తోటలకు పోతున్నారు. కోతలయ్యాక చూద్దామంది. అడగగలిగిన చోట అడిగేశాను, దొరకలేదు, నా బాధ్యత తీరింది అనుకున్నాను. నిజానికి లోపల కొంత ఊరట కూడా కలిగింది.

చేతిలో కాగితాల సంచి లేకుండా వాయిదాకి వెళ్తున్నానంటే నమ్మరేమోనని బీరువా మీద నుంచి నాన్నగారి ఖాకీ గుడ్డ సంచి దించాను. అందులో పాత కోర్టు కాగితాల నకళ్ళు అలాగే ఉన్నాయి. వాటి మధ్య డాక్టరు చీటీ పెట్టాను. సంచి చంకన పెట్టుకుని బస్టాండులోకి నడిస్తే వెన్నెముక దానంతటదే నిటారుగా నిలబడింది.

"మళ్ళీ తీశారాండీ కేసు?" అన్నాడు టీకొట్టతను.

"చూద్దాం."

"తియ్యాలండీ. మీరు గాబట్టి ఇంకా నిలబడ్డారు. ఇంకోళ్ళయితే ఉన్నది అమ్ముకుని హైదరాబాదు పోయి కూర్చునేవాళ్ళు."

ఆ రోజుల్లో నాకు కాస్త హుషారు తెచ్చిన మాట అదొక్కటే. బెంచీ మీదున్న ఇంకొకాయన సర్దుకుని నాకు చోటిచ్చాడు. కేసు ఓడి ఇల్లు గుల్లయినవాడికి ఈ ఊళ్ళో చోటిస్తారు. మనసు బాగోలేదని మందు తింటున్నవాడికి ఇస్తారా ఇవ్వరా అనేది నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. టీ తాగి బస్సెక్కాను.

ఆ రోజు డాక్టరమ్మ రక్తపరీక్షల్లో ఏమీ లేదని చెప్పి, మాత్ర మోతాదు కొంచెం పెంచి, "మనిషి దొరికారా?" అంది.

"వాకబు చేస్తున్నానండీ."

"మనిషి దొరకకపోయినా మీరు మాత్రం రావడం మానకండి. కానీ ఇక తాళం వెయ్యొద్దు. దానికి నేను ఒప్పుకోను." గొంతు పెంచలేదు. జడ్జీలు కూడా అలాగే చెప్తారు, చివరి మాట.

తిరుగు బస్సు టోల్‌గేటు దగ్గర ఆగిపోయింది. ముందు పత్తి బస్తాల లారీ ఏదో అడ్డం తిరిగిందట. ఎండ మొహాన కొడుతోంది. నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. పక్కాయన "దిగుతారా?" అని అడిగాడు. అప్పుడే జేబులో ఫోను మోగింది. మా ఇంటి నుంచి. ఎత్తితే ఆవిడ గొంతు లేదు. ఏదో రాపిడి. దూరంగా ఒక మగగొంతు, గట్టిగా. తర్వాత కట్టయిపోయింది. తిరిగి చేస్తే ఎత్తలేదు.

బస్సు దిగి, ఆగిన లారీల పక్కనుంచి పరుగులాంటి నడకతో వెళ్ళి, అవతల ఆటో పట్టుకున్నాను. సంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో నొక్కిపట్టుకున్నాను. నిప్పంటుకుంటేనో అని డాక్టరమ్మ అనలేదు గానీ దారంతా నాకు అదే మాట వినపడింది.

మా అరుగు మీద అన్నయ్య కూర్చుని ఉన్నాడు. చెప్పులు మెట్ల కింద విడిచి, తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని, కిటికీకి వీపు ఆనించి. కిటికీ చువ్వల వెనక ఆవిడ మొహం కనపడుతోంది. ఆవిడ బాగానే ఉంది. స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

"వచ్చావా. జడ్జీగారు తొందరగానే వదిలారే" అన్నాడు అన్నయ్య. ఇన్నేళ్ళ తర్వాత నాతో అన్న మొదటి మాట.

"నీకేం పని ఇక్కడ?"

"నాకేం పనా? మళ్ళీ కేసు తీశావని ఊరు కోడై కూస్తోంది. నోటీసు ఇంటికొచ్చేదాకా ఆగడం దేనికని నేనే వచ్చా. ఏం మిగిలిందిరా మనకి, మళ్ళీ తగువులాడుకోడానికి? నీ పెరట్లో ఆ మునగ చెట్టు కోసమా?"

నేను జేబులో తాళంచెవి కోసం తడుముకున్నాను.

"అది తర్వాత. మంచంలో మనిషిని లోపల పెట్టి బయట తాళం ఏసుకుపోతావా? పిలిస్తే లోపల్నించి మూలుగు వినపడింది. తలుపు పగలగొడదామనుకున్నా. నీ తలుపు పగలగొడితే దానికో కేసు ఏస్తావని ఆగా."

కిటికీలోంచి ఆవిడ, "బావగారూ" అంది. ఆ 'గారు' మాత్రం ఎలా మిగిలిందో. "కోర్టు... కాదు. డాక్టరు."

"నీకామ్మా?"

"నాక్కాదు." ఎడమ చెయ్యి ఎత్తి నన్ను చూపించింది. "వీడికి."

అన్నయ్య నోరు తెరిచి ఆవిడ వైపు చూసి, నా వైపు చూసి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా నవ్వాడు. నేను తాళం తీశాను. లోపలికి వెళ్ళి ఆవిడని పక్కకి తిప్పి, నీళ్ళు తాగించి, చీర కుచ్చిళ్ళు సర్ది బయటికి వచ్చాను. అన్నయ్య గడప దాటలేదు. అరుగు మీదే ఉన్నాడు. నవ్వు లేదు మొహంలో.

"ఏం డాక్టరు?"

"మనసుకి." మాట బయటికి వచ్చాక ఆపడం కుదరలేదు. "కుదురుండట్లా. నిద్ర లేదు. ఆ మధ్య చిల్లకల్లు రోడ్డు మీద... ఆ సంగతి వద్దులే. మాత్రలు వాడుతున్నా."

అన్నయ్య తువ్వాలు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. "కేసు అయిపోయింతర్వాత నాకూ అట్టానే ఉండేది" అన్నాడు. "తెల్లారి లేచి చొక్కా ఏసుకునేవాణ్ణి. ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. మీ వదిన ఒక గేదెని తెచ్చి నా మెడకి కట్టింది. దాని వెనక తిరిగి తిరిగి మనిషినయ్యా."

"డాక్టరు దగ్గరికి పోలేదా?"

"గేదె ఉంది కదరా."

తర్వాత ఇద్దరం కాసేపు వీధిలోకి చూశాం. ఎవరో స్కూటరు మీద పోతూ మమ్మల్నిద్దరినీ ఒక అరుగు మీద చూసి వేగం తగ్గించి వెళ్ళాడు. అన్నయ్య లేచాడు.

"అయితే కేసు లేదన్నమాట."

"లేదు."

"నోటీసు రాదు."

"రాదు."

"సరే మరి" అని మెట్లు దిగి ఒక చెప్పులో కాలు పెట్టాడు. రెండో చెప్పు తిరగబడి ఉంది, దాన్ని కాలితో సరిచేసుకుంటున్నాడు. అది సరయ్యిందంటే వెళ్ళిపోతాడు. నేను అరుగు మీద అటూ ఇటూ రెండడుగులు వేశాను. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టడం గుర్తొచ్చింది. వచ్చే వారం తాళం వెయ్యకూడదు. తాళం వెయ్యకుండా నందిగామ వెళ్ళలేను. నందిగామ వెళ్ళకపోతే నేను ఎక్కడ నిలబడతానో నాకు తెలుసు. ఊళ్ళో ఇంతమంది ఉండగా, నేను అడగవలసిన మనిషి మా మీద కేసు నడిపినవాడు. ఇంకెవరైనా అయితే బాగుండును. ఇంకెవరూ అరుగు మీదికి రాలేదు.

"అన్నయ్యా" అన్నాను. ఆ పిలుపుకి నోరు సరిగా తిరగలేదు. "వదినని ఒకసారి రమ్మంటావా?"

ఆగాడు. వెనక్కి తిరగలేదు. "దేనికి?"

దేనికో ఆయనకి తెలుసు. నాతో చెప్పించాలని ఆగాడు. చెప్పించనీ అనుకున్నాను. "మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు ఈవిడ దగ్గర ఉండడానికి. నేను డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఒక్కణ్ణి చేసుకోలేకపోతున్నా."

అన్నయ్య ఇటు తిరిగాడు. నా చంకలో ఇంకా ఉన్న ఖాకీ సంచి వైపు చూశాడు. "రాసిస్తావా? తర్వాత అడగలేదంటే?"

"సాక్షి ఉంది కదా" అన్నాను, కిటికీ చూపించి.

"ఆ సాక్షి మాట చెల్లుద్దిలే." రెండో చెప్పు వేసుకున్నాడు. "నేను మాత్రం లోపలికి రాను. నాన్నకిచ్చిన మాట ఉంది. మీ వదినకి అట్టాంటివేం లేవు."

లోపలి నుంచి ఆవిడ గొంతు, "అక్కయ్య... పచ్చడి" అంది.

"ఇదుగో, అప్పుడే పిటిషను కూడా పడింది" అంటూ అన్నయ్య వెళ్ళిపోయాడు.

మంగళవారం ఇద్దరూ స్కూటరు మీద వచ్చారు. వదిన చేతిలో చిన్న గిన్నె ఉంది. "గోంగూర. ఉప్పూ కారం తగ్గించి నూరా, బీపీ మనిషి కదా" అని నాకు చెప్పి, నన్ను దాటుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్ళి, ఎలా తిప్పాలో, మందులు ఎక్కడుంటాయో, మింగేటప్పుడు తల ఎంత ఎత్తులో ఉండాలో చెప్పడం మొదలుపెట్టాను.

"మా అత్తగారికి నేనే చేశా నాయనా. మీ పెద్దమ్మకి. నువ్వు చూడ్డానికి రాలేదు గాబట్టి తెలియదు" అంది వదిన. అంటూనే ఆవిడ తల కింద దిండు సర్దింది. "ఇంకా నిలబడ్డావేం? పో."

ఇత్తడి తాళానికి రెండు చెవులున్నాయి. రెండోది ఎప్పుడూ ఎవరికీ ఇవ్వలేదు. అన్నయ్య చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తాళంలో పెట్టి తిప్పాడు, తీశాడు, మళ్ళీ వేసి తిప్పాడు. మా ఇంటి మాటని పరీక్షించకుండా నమ్మే అలవాటు వాళ్ళకి లేదు. పడుతోందని తేలాక జేబులో వేసుకున్నాడు. మంచినీళ్ళు ఇవ్వనా అని అడగబోయి మానుకున్నాను.

"ఆ సంచి ఎందుకు?" అన్నాడు.

"చీటీ అందులో ఉంది."

"చీటీ జేబులో పెట్టుకో. దాన్ని చూస్తే నాకు కడుపులో తిప్పుద్ది."

సంచి అరుగు మీద వదిలేసి బయల్దేరాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బస్టాండులో టీకొట్టతను "వాయిదానా అండీ?" అన్నాడు.

"కాదు. డాక్టరు దగ్గరికి."

"ఎవరికండీ?"

"నాకే. మనసు కుదురుండట్లేదు."

అతను గ్లాసు కడుగుతూ నా వైపు చూశాడు. "అది ఎవరికుందిలెండి" అన్నాడు. టీ పోసిచ్చాడు. బెంచీ మీదున్నవాళ్ళు సర్దుకున్నారో లేదో నేను చూడలేదు. నిలబడే తాగాను.

ఇది జరిగి కొన్ని నెలలయింది. మాత్ర ఇంకా వేసుకుంటున్నాను, ఇంకా చాలాకాలం వెయ్యాలన్నారు. కొన్ని రోజులు బాగుంటుంది. కొన్ని రోజులు గ్యాసు దగ్గరికి తిరుగుతూనే ఉంటాను. కౌన్సిలరు దగ్గర మా అమ్మ గురించే ఎక్కువ మాట్లాడుతున్నాను, ఎందుకో. శుక్రవారం మధ్యాహ్నాలు పని లేక ఊరికే పాలేరు వంతెన దాకా నడిచి తొందరగా తిరిగొస్తే వదిన గుమ్మంలోనే ఆపి "ఇంకా టైముంది" అని వెనక్కి పంపుతుంది. అన్నయ్య ఇప్పటికీ అరుగు దాటలేదు, నీళ్ళు ముట్టలేదు.

ఆ మంగళవారం మాత్రం నాకు బాగా గుర్తు. డాక్టరమ్మ నేను కూర్చోకముందే "తాళం?" అంది.

"వెయ్యలేదు. మా వదిన ఉంది. అన్నయ్య బయట కూర్చున్నాడు."

"మీకు అన్నయ్య ఉన్నారా? ఇన్నిసార్లు వచ్చారు, చెప్పలేదే."

"మాట్లాడుకోమండీ."

"ఇప్పుడు?"

"అడిగాను" అన్నాను.

ఆమె ఇంకేమీ తవ్వలేదు. అవసరమైతే పిలవడానికి ఆయన ఫోను నంబరు కావాలంది. అప్పుడు తెలిసింది, నా దగ్గర లేదు. మా కేసు నంబరు, సంవత్సరంతో సహా, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అన్నయ్య ఫోను నంబరు ఎప్పుడూ తెలియదు. ఇంటికి చేశాను. వదిన ఎత్తింది.

"ఏమైంది, బస్సు దొరకలేదా?"

"అన్నయ్య నంబరు కావాలి వదినా. డాక్టరుగారు రాసుకుంటారట."

"ఆయన నంబరెందుకు, ఫోను గేదె దగ్గర పెట్టి మర్చిపోయే మనిషి. నాది రాసుకోమను" అని చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఆపి, పక్కకి తిరిగి, "చాల్లేమ్మా, ఇంకో ముద్ద పెడితే మీ ఆయన నన్ను కోర్టుకి ఈడుస్తాడు" అంటోంది. ఆవిడ ఏదో అంది, నాకు వినపడలేదు. ఇద్దరూ నవ్వారు. "ఆఁ, ఎక్కడిదాకా చెప్పా?" అంది వదిన.

"మొదటి నుంచి చెప్పు" అన్నాను. ఆమె చెప్తుంటే ఒక్కొక్క అంకే పైకి అన్నాను. డాక్టరమ్మ రాసుకుంది. బల్ల కింద నా కాలు ఊగుతూనే ఉంది.